ఒంటితో మొదలయ్యే మనసు వైద్యం: ఎక్కడ పుట్టింది, ఎంత నమ్మొచ్చు

మీ బావ దుబాయ్ నుంచి తిరిగొచ్చాక ఛాతీ పట్టేస్తోంది, ఊపిరి ఆడట్లేదు అంటున్నారని, హన్మకొండలో, హైదరాబాద్‌లో చేయించిన రిపోర్టులన్నీ నార్మల్ అని రాశారు. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్ వాళ్ళు "బాధ కండరాల్లో దాక్కుంటుంది, ఒళ్ళు వణికిస్తే వదిలిపోతుంది" అన్నారట. మీ సైకాలజీ పీజీ పాఠంలో మాత్రం విల్హెల్మ్ రైఖ్ అనే పేరు ఒక్క పేరాలో వచ్చి పోయింది. ఊపిరి, కండరాల ద్వారా మనసుకు చేసే ఈ బాడీ సైకోథెరపీ ఎక్కడ నుంచి వచ్చింది, ఎంత నమ్మొచ్చు, బావను తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఇందులో చేసే పని వేరు, ఆ పని ఎందుకు పనిచేస్తుందో చెప్పే కారణం వేరు. పని చాలా వరకు మంచిదే, వందేళ్ళుగా నిలబడింది. కారణాలు మాత్రం ప్రతి ముప్పై ఏళ్ళకూ మారుతూ వచ్చాయి, వాటిలో కొన్ని పూర్తిగా తప్పని తేలాయి. ఈ రెంటినీ కలిపి నమ్మినవాళ్ళు మోసపోయారు, కలిపి కొట్టిపారేసినవాళ్ళు ఒక మంచి పనిముట్టును పోగొట్టుకున్నారు.

హన్మకొండలో క్లినికల్ సైకాలజిస్టుగా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో "డిప్రెషన్" అని చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు తక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఛాతీ బరువు, గొంతులో అడ్డం పడ్డట్టుండటం, తిమ్మిర్లు, కడుపులో మంట, తలలో వేడి అంటూ వస్తారు. అప్పటికే ఊర్లో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిళ్ళు ఎక్కించుకుని, గ్యాస్ గోళీలు మింగి, ఎండోస్కోపీ కూడా చేయించుకుని ఉంటారు.

ఒకావిడ సంగతి చెప్తాను, ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. బీడీలు చేసే మనిషి. ఏళ్ళ తరబడి ఒళ్ళో చాట పెట్టుకుని, తల వంచి తునికాకు చుట్టడంతో భుజాలు చెవుల దాకా లేచి అక్కడే నిలిచిపోయాయి. "ఛాతీల బండ పెట్టినట్టున్నది సారూ. నాకైతే మనాదేం లేదు" అంది. భర్త గల్ఫ్ నుంచి ఎప్పుడు ఫోన్ చేస్తాడని అడిగితే మామూలు గొంతుతోనే జవాబిచ్చింది. కానీ ఊపిరి పైకి తీసుకున్నది తీసుకున్నట్టే ఆగింది, ఆకు లేకుండానే కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద దొర్లడం మొదలైంది. నేను భర్త గురించి ఇంకేమీ అడగలేదు. "ఇప్పుడు ఊపిరి ఎక్కడ ఆగిందో ఒక్కసారి చూడమ్మా" అన్నాను. ఆమె చూసుకుంది. మెల్లగా వదిలింది, భుజాలు కాస్త దిగాయి, ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపే చికిత్స అని నేను అనను. ఆ తర్వాత కొన్ని వారాల పాటు అప్పు గురించి, అత్తింటి గురించి, రాని ఫోన్ల గురించి మాట్లాడుకోవడం చికిత్స. కానీ ఆ మాటలకు దారి ఊపిరి దగ్గర దొరికింది. బాడీ సైకోథెరపీలో అసలు సరుకు ఇదే.

ఇక చరిత్రకు వస్తాను. భావానికీ దేహానికీ ఉన్న సంబంధాన్ని 19వ శతాబ్దంలోనే చాలామంది పట్టించుకున్నారు. 1872లో డార్విన్ మనుషుల్లో, జంతువుల్లో భావాలు ఎలా బయటపడతాయో ఒక పుస్తకమే రాశాడు. 1884లో విలియం జేమ్స్, భయం వేసి గుండె దడదడలాడటం కాదు, ఆ దడ మనకు తెలియడమే భయం అన్నాడు. పారిస్‌లో పియర్ జానే తన రోగుల ఊపిరి, కండరాల బిగువు, పూర్తి చేయలేకపోయిన కదలికలు గమనించి 1889లోనే రాశాడు. ఇవాళ ట్రామా (మనసుకు తగిలిన పెద్ద గాయం) గురించి మాట్లాడేవాళ్ళు చెప్పే చాలా మాటలు జానే దగ్గర ముందే కనిపిస్తాయి.

ఫ్రాయిడ్ కూడా మొదట్లో హిస్టీరియా రోగులకు మసాజ్ చేసేవాడు, నుదుటి మీద చెయ్యి నొక్కి "గుర్తొస్తుంది, చెప్పండి" అనేవాడు. తర్వాత చెయ్యి తీసేశాడు. రోగి పడుకుని మాట్లాడాలి, డాక్టరు కనబడకుండా వెనక కూర్చుని వినాలి అన్న సైకోఎనాలిసిస్ పద్ధతి స్థిరపడింది. అహం అన్నది అన్నిటికన్నా ముందు దేహానికి సంబంధించినదే అని 1923లో ఆయనే రాశాడు కానీ, గదిలో మాత్రం దేహానికి పని లేకుండా పోయింది. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళలో బుడాపెస్ట్‌లో ఫెరెంజీ, బాడెన్-బాడెన్‌లో మసాజ్‌నూ మాటనూ కలిపి వైద్యం చేసిన గ్రోడెక్ ఈ గీత దాటారు.

మీ పాఠంలో లేని పేరు ఒకటుంది, నాకు రైఖ్ కన్నా ఆమె మీదే గౌరవం ఎక్కువ. ఎల్సా గిండ్లర్. 1885లో బెర్లిన్‌లో పుట్టింది. డాక్టరు కాదు, సైకాలజిస్టు కాదు, వ్యాయామం నేర్పే టీచరు. ఆమెకు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది, కొండప్రాంతపు శానిటోరియంకు వెళ్ళే డబ్బు లేదు. జబ్బుపడ్డ వైపుకు విశ్రాంతి దొరికేలా ఊపిరిని ఓపిగ్గా గమనిస్తూ తేరుకుందని ఆమె శిష్యులు చెప్పేవారు. (ఈ కథ చెప్పి టీబీ మందులు మానమనే మనిషి దొరికితే ఒక్క క్షణం కూడా వినకండి. ఆ రోజుల్లో టీబీకి మందు లేదు, ఇప్పుడుంది.)

గిండ్లర్ క్లాసులో ఇలా చెయ్యండి, అలా వంగండి అని ఉండేది కాదు. కుర్చీలోంచి లేచేటప్పుడు ఊపిరి ఏమవుతోంది? నిలబడటానికి నిజంగా అవసరమైన దానికన్నా ఎంత ఎక్కువ బలం పెడుతున్నాం? వస్తువు ఎత్తేటప్పుడు దవడ ఎందుకు బిగుసుకుంటోంది? వీటికి జవాబు ఆమె చెప్పేది కాదు, విద్యార్థి తన ఒంట్లోనే వెతుక్కోవాలి. 1926లో ఆమె రాసిన వ్యాసం కూడా ఉద్యోగాలు చేసుకుని అలసిపోయే మామూలు మనుషుల గురించే. నాజీల కాలంలో క్లాసులు నడుపుతూనే యూదులకు సాయం చేసింది. యుద్ధం చివర్లో ఆమె స్టూడియో తగలబడి, రాసుకున్న కాగితాలన్నీ పోయాయి. ఆమె పేరు మన పుస్తకాల్లో లేకపోవడానికి అదొక కారణం. తన పనికి ఘనమైన సిద్ధాంతం కట్టకపోవడం ఇంకో కారణం అనుకుంటాను. సిద్ధాంతం కట్టకపోవడం వల్లే ఆమె చెప్పింది పాతబడలేదు.

ఆమె శిష్యురాలు షార్లెట్ సెల్వర్ 1938లో అమెరికా చేరి ఆ పని అక్కడ నేర్పింది. గెస్టాల్ట్ థెరపీ మొదలుపెట్టిన ఫ్రిట్జ్ పెర్ల్స్ న్యూయార్క్‌లో ఆమె దగ్గర నేర్చుకున్నాడు. సైకోఎనలిస్టు ఓటో ఫెనిచెల్ భార్య క్లారా గిండ్లర్ పద్ధతి నేర్పేది, రైఖ్ సహచరి అయిన నర్తకి ఎల్సా లిండెన్‌బెర్గ్ కూడా గిండ్లర్ దగ్గర నేర్చుకుంది. అంటే రైఖ్‌కు దేహం సంగతి ఏకాంతంలో తట్టింది కాదు. ఆయన ఇంట్లో, స్నేహితుల ఇళ్ళలో ఆడవాళ్ళు అప్పటికే ఆ పని చేస్తున్నారు.

రైఖ్ గొప్పతనం కూడా చెప్పాలి. 1897లో పుట్టాడు, 1920లో, ఇంకా వైద్య విద్యార్థిగా ఉండగానే వియన్నా సైకోఎనలిటిక్ సొసైటీలో చేరాడు. రోగి ఏం చెప్తున్నాడు అన్నదానికన్నా ఎలా చెప్తున్నాడు అన్నది చూడాలన్నాడు: ఆ మర్యాద, ఆ నవ్వు, ఆ బిర్రబిగిసిన మెడ. 1933లో ఆయన పుస్తకం 'క్యారెక్టర్ ఎనాలిసిస్' వచ్చింది. అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లో మెడ బిగబట్టి ఏ మాటకూ లొంగని ఒక రోగికి వైద్యం చేశాడు. ఆ బిగువు ఒక్కసారిగా సడలాక మూడు రోజుల పాటు ఆ మనిషి ముఖం రంగులు మారింది, తెలుపు, పసుపు, నీలం. మెడ వెనక విపరీతమైన నొప్పి, విరేచనాలు. చిన్నప్పటి నుంచి అణచుకున్న భావాన్ని కండరాల బిగువు కవచంలా పట్టి ఉంచుతుందని, ఆ కవచం కళ్ళ నుంచి కటి దాకా ఏడు పట్టీలుగా ఉంటుందని రైఖ్ తేల్చాడు.

ఈ వర్ణనను ఇవాళ మళ్ళీ చదివితే నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. బిగువుకూ భావానికీ ఉన్న లంకెను అంత దగ్గరగా చూసినవాడు ఆయనకు ముందు లేడు. కానీ మూడు రోజులు ఒక మనిషిని అంత కుదిపేయడాన్ని విజయంగా లెక్కవేయడం దగ్గరే తర్వాతి తప్పులకు బీజం పడింది.

1934లో అంతర్జాతీయ సైకోఎనలిటిక్ సంఘం ఆయన్ను బయటకు పంపింది. రాజకీయాలు, సిద్ధాంత విభేదాలు రెండూ కారణాలే. నార్వేలో ఐదేళ్ళు ఉండి 1939లో అమెరికా వెళ్ళాడు. అక్కడ విశ్వమంతా ఆర్గోన్ అనే శక్తి ఉందని, దాన్ని పట్టే పెట్టెలో కూర్చుంటే రోగాలు తగ్గుతాయని ప్రచారం చేశాడు. అలాంటి శక్తి ఉన్నట్టు ఎవరూ నిరూపించలేదు. 1954లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద కోర్టు నిషేధం తెచ్చింది, దాన్ని ధిక్కరించినందుకు జైలు పడింది. 1956లో ప్రభుత్వమే ఆయన పుస్తకాలు తగలబెట్టింది, అది సిగ్గుపడాల్సిన పని. 1957 నవంబర్ 3న పెన్సిల్వేనియాలోని లూయిస్‌బర్గ్ జైల్లో చనిపోయాడు. ఇవాళ ఏ వర్క్‌షాప్‌లోనైనా "ఎనర్జీ బ్లాక్ అయింది" అని వింటే, అది చాలాసార్లు ఈ రైఖ్ నీడే.

ఆయన వెళ్ళిపోయాక నార్వేలో మిగిలిన పని నాకు ఇంకా నచ్చుతుంది. ఓస్లోలో సైకియాట్రిస్టు బ్రాటోయ్, ఫిజియోథెరపిస్టు బ్యూలో-హాన్సెన్ 1940ల్లో కలిసి పనిచేశారు. నొప్పి ఉన్న చోట మాత్రమే కాదు, ఒళ్ళంతా, ముఖ్యంగా ఊపిరి ఎలా స్పందిస్తోందో చూస్తూ మెల్లగా పట్టు సడలించడం వాళ్ళ పద్ధతి. అది నార్వేలో ఫిజియోథెరపీలో ఒక శాఖగా ఇప్పటికీ ఉంది. బ్యూలో-హాన్సెన్ దగ్గర పనిచేసిన గెర్డా బోయెసెన్ అయితే మసాజ్ చేస్తూ రోగి పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి పేగుల శబ్దం వినేది. ఆ గుడగుడ వస్తే ఒళ్ళు సడలుతోందని గుర్తు. పేగులు భావాలను "అరిగిస్తాయి" అని ఆమె కట్టిన సిద్ధాంతాన్ని నేను ఒప్పుకోను. కానీ మనిషి స్థిమితపడ్డప్పుడు జీర్ణవ్యవస్థ మళ్ళీ కదలడం మామూలు శరీర ధర్మమే, ఆమె విన్నది నిజమే.

అమెరికాలో రైఖ్ శిష్యుడు అలెగ్జాండర్ లోవెన్, జాన్ పియెరాకోస్‌తో కలిసి 1956లో న్యూయార్క్‌లో బయోఎనర్జెటిక్స్ సంస్థ పెట్టాడు. మంచం మీద పడుకున్న రోగిని లేపి నిలబెట్టాడు. పాదాలు నేలకు ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి, ముందుకు వంగి ఉంటే కాసేపటికి కాళ్ళు వణుకుతాయి. దీన్నే గ్రౌండింగ్ అన్నాడు. మీకు చెప్పిన వణుకు వ్యాయామాల తాతముత్తాతల్లో ఇదొకటి. అలసిన కండరం వణకడం సహజం, గోడకు ఆనుకుని కుర్చీ వేసినట్టు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. దాని తర్వాత తేలిగ్గా అనిపించవచ్చు కూడా. పాత బాధ బయటకు పోయిందనడానికి మాత్రం అది రుజువు కాదు. ఆ కాలంలోనే కోపం కక్కమని రాకెట్టుతో పరుపును కొట్టించడం కూడా మొదలైంది. మనసులో ఎదుటివాణ్ని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్ కొడితే కోపం తగ్గదని, పెరుగుతుందని 2002లో బ్రాడ్ బుష్మన్ ప్రయోగంలో తేలింది.

1970ల తర్వాత గాలి మారింది, కుదిపేయడం తగ్గి గమనించడం పెరిగింది. షికాగోలో యూజీన్ జెండ్లిన్, థెరపీలో బాగుపడేవాళ్ళు మాటల మధ్య ఆగి, లోపల ఇంకా మాటకు అందని ఒక దేహానుభూతిని తడుముకుంటారని గమనించి, దాన్ని నేర్పే పద్ధతి 1978లో పుస్తకంగా ఇచ్చాడు. రాన్ కర్ట్జ్ తెచ్చిన హకోమి, పీటర్ లెవిన్ తెచ్చిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్, ప్యాట్ ఓగ్డెన్ తెచ్చిన సెన్సరీమోటర్ సైకోథెరపీ అనే పద్ధతులు ఈ దారిలోవే. ఒకరకంగా అందరూ తిరిగి గిండ్లర్ కుర్చీ దగ్గరికే వచ్చారు. 2014లో ట్రామా మీద బెసెల్ వాన్ డెర్ కోల్క్ రాసిన పుస్తకం వచ్చాక ఈ మాటలు ఇంటింటికీ చేరాయి.

మరి రుజువులు? ట్రామా తర్వాతి జబ్బుకు 2017లో ఇజ్రాయెల్‌లో 63 మందితో చేసిన ట్రయల్‌లో సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ తీసుకున్నవాళ్ళకు, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళ కన్నా బాగా తగ్గింది. 2014లో 64 మంది ఆడవాళ్ళతో యోగా మీద చేసిన ట్రయల్ కూడా అనుకూలంగా వచ్చింది. ఇవి చిన్న అధ్యయనాలు. ఇంకోపక్క స్కిజోఫ్రీనియాలో మందకొడితనానికి గ్రూపు బాడీ సైకోథెరపీని పిలాటిస్ వ్యాయామంతో పోల్చి బ్రిటన్‌లో 275 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో, చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2016లో తేలింది. అంతకుముందు చేసిన చిన్న అధ్యయనం మాత్రం ఆశాజనకంగా వచ్చింది. అందుకే చిన్న అధ్యయనాలు చూసి తొందరపడొద్దంటాను. ట్రామాకు ఇప్పటికీ గట్టి రుజువులున్నవి ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ బాధ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స).

"బాధ కండరాల్లో దాక్కుంటుంది" అన్న మాట అక్షరాలా తీసుకుంటే తప్పు. జ్ఞాపకం ఉండేది మెదడులో, నాడీవ్యవస్థలో. కండరంలో జ్ఞాపకపు మూట ఏదీ ఉండదు. ఒళ్ళు నేర్చుకున్న అలవాటు మాత్రం నిజం. ప్రమాదం చూసిన మనిషికి అలాంటి శబ్దం వినగానే భుజాలు బిగుస్తాయి, ఊపిరి పైపైన వేగంగా ఆడుతుంది. అలా వేగంగా ఆడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ పట్టేస్తుంది, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరికి మళ్ళీ భయం, ఆ భయానికి మళ్ళీ ఊపిరి. ఈసీజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఈ బాధ అబద్ధం కాదు. ఊపిరిని నిమిషానికి ఆరు సార్ల దాకా తగ్గించి, వదిలే ఊపిరిని నిడివి చేస్తే గుండె లయ కుదుటపడటం కొలిచి చూపించగలిగిన విషయం. ఇదంతా మెదడు నుంచి గుండె, పేగుల దాకా వెళ్ళే వేగస్ నరం సిద్ధాంతంతో వివరించే స్టీఫెన్ పోర్జెస్ వాదన మీద శరీరశాస్త్రజ్ఞుల మధ్య గొడవ ఇంకా నడుస్తోంది. ఊపిరి వ్యాయామం చేయడానికి ఆ సిద్ధాంతం తేలేదాకా ఆగనక్కర్లేదు.

వణుకు గురించి మన ప్రాంతం మనిషిగా ఒక మాట. మేడారంలోనో, మల్లన్న పట్నాల దగ్గరో డోలు దెబ్బకు దేవుడు పూనిన శివసత్తులు ఊగడం మీరు చూసే ఉంటారు. ఆమె చుట్టూ ఎంతమంది ఉంటారో గమనించారా? పడిపోకుండా పట్టుకునేవాళ్ళు, నుదుట బండారి పెట్టేవాళ్ళు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిసినవాళ్ళు, తెల్లారి కూడా ఆమెను అదే గౌరవంతో పలకరించేవాళ్ళు. దాన్ని నేను థెరపీ అనను, దానికి దాని భక్తి, దాని అర్థం ఉన్నాయి. కానీ ముక్కూమొహం తెలియని ముప్పై మంది మధ్య ఒక హోటల్ హాల్లో మనిషిని వణికించి, సాయంత్రం సర్టిఫికెట్ చేతిలో పెట్టి బస్సెక్కించేవాళ్ళ దగ్గర ఆ పట్టుకునే చేతులు ఉండవు. లోపల పెద్ద గాయం ఉన్న మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, పాతవన్నీ ఒక్కసారి మీద పడొచ్చు.

అందుకని మీ బావను ఇప్పుడే ఆ వర్క్‌షాప్‌కు పంపొద్దు. నడిచినా మెట్లెక్కినా నొప్పి పెరిగితే, చేతికో దవడకో పాకితే, చెమటలు పడితే మాత్రం పాత రిపోర్టులు చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకో దగ్గర్లోని గుండె ఆసుపత్రికో తీసుకెళ్ళండి. గుండె జబ్బు కాదని డాక్టరు చెప్పాక సైకియాట్రిస్టునో, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ప్రయాణం కష్టమైతే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. దుబాయ్‌లో ఏం పని చేశారు, ఏదైనా ప్రమాదం చూశారా, ఎంత అప్పు మిగిలింది, వచ్చేటప్పుడు ఎలా వచ్చారు, ఇవి ఆయన నోటి నుంచి రావడానికి టైం పడుతుంది. ఇంట్లో గుచ్చి గుచ్చి అడగొద్దు.

ఆ థెరపిస్టు ఊపిరితో, ఒంటితో పనిచేసే పద్ధతి తెలిసినవారైతే మంచిదే. మొదటిరోజే కొన్ని సంగతులు అడగండి. ముట్టుకోవాల్సి వస్తే ప్రతిసారీ అనుమతి అడుగుతారా? మధ్యలో వద్దంటే ఆపుతారా? ఇంటికెళ్ళాక ఎక్కువైతే ఎవరికి ఫోన్ చేయాలి? వీటికి విసుక్కునే మనిషి దగ్గర, మందులు ఆపేయమనే మనిషి దగ్గర, ఒక్క సెషన్‌లో నయం చేస్తాననే మనిషి దగ్గర ఉండొద్దు.

ఈలోగా ఆయన ఒప్పుకుంటే ఇంట్లో ఒక పని చేయొచ్చు. కుర్చీలో పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా కూర్చుని, కళ్ళు తెరిచే ఉంచి, ఊపిరి నెమ్మదిగా వదలమనండి, తీసుకునేదానికన్నా వదిలేది కాస్త పొడుగ్గా. కొద్ది నిమిషాలు చాలు. ఛాతీ మీద ధ్యాస పెడితే భయం పెరుగుతోందంటే ఛాతీని వదిలేసి అరికాళ్ళ కింద నేల ఎలా ఉందో చూడమనండి. తల తిరిగితే ఆపేయమనండి.

మొదటి అపాయింట్‌మెంట్‌కు రిపోర్టుల ఫైలుతో పాటు ఆయన వాడుతున్న గోళీల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్ళండి, నిద్ర గోళీలు, దుబాయ్ నుంచి తెచ్చుకున్న నొప్పి గోళీలు కూడా. మీ అక్క వెంట ఉంటే మంచిది. కానీ లోపల మాత్రం మొదట ఆయన్ను ఒక్కరినే మాట్లాడనివ్వండి.